గురువారం అత్తగారు

పాసో లార్గో
1986 నవంబర్ 23

బావా,

నన్ను ఈ ఉద్యోగంలో ఇరికించి, అక్కను వెంటబెట్టుకుని నువ్వు సముద్రపు ఒడ్డుకు చెక్కేసి సరిగ్గా ఆరు వారాలు. ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదని అక్క మూతి ముడుచుకుందట. రాయడానికి చేతులు శుభ్రంగా ఉంటే కదా! ఫోన్ చేద్దామంటే, నా టెలిఫోను దరఖాస్తుకు ఈ నెలతో తొమ్మిదేళ్ళు నిండాయి. పదో పుట్టినరోజు ఘనంగా చేద్దామనుకుంటున్నాను.

డెయిరీలో పన్నెండేళ్ళు పాలలో నీళ్ళు పట్టుకున్నదాన్ని నేను. ఇప్పుడు నీళ్ళలో ఏం లేదో వెతుక్కోవాల్సి వస్తోంది. సగం దేశం రైలెక్కి, తిని, తాగి, కక్కుకుని, పిల్లల ముక్కులు కిటికీ తెరలకు తుడిచి దిగిపోతే ఆ పెట్టెలన్నీ తిన్నగా మన యార్డుకే వస్తాయి. మనవాళ్ళు కాస్టిక్ సోడా, యాసిడ్ కొట్టి తోముతారు. పెట్టెలు పెళ్ళికొడుకుల్లా బయటికి పోతాయి, కంపంతా నా తొట్టెల్లోకి వస్తుంది. మొదటి తొట్టిలో నూనె తెట్టు తీస్తాను. రెండో దాంట్లో పటిక, సున్నం కలిపి మడ్డి అడుక్కి దించుతాను. పైన తేరిన నీళ్ళు సీసాలో పట్టి, పైకెత్తి, దేవుణ్ణి తలుచుకుని వాగులోకి వదులుతాను. ఇంటికెళ్తే పిల్లి కూడా నా ఒళ్ళోకి రావడం మానేసింది.

సరే, ఒకటి చెప్పనా? నిన్న మధ్యాహ్నం ఖాళీగా ఉంటే నీ పాత రిజిస్టర్లు తిరగేశాను. కళ్ళు చెమర్చాయి బావా! ప్రతి గురువారమూ నీ చేతిరాతతోనే ఉంది: "మూడు గంటల నుంచి మూడూ నలభై వరకు అత్తగారిని చూడ్డానికి వెళ్ళాను." పందొమ్మిదేళ్ళు! ఒక్క వారం కూడా తప్పలేదు. మా అమ్మని చూడ్డానికి కన్నకూతుర్ని, నేనే పది రోజులకోసారి గొణుక్కుంటూ వెళ్తాను. నువ్వు వెళ్ళిపోయాక పెట్టెలు తోమే బెలార్మినో కూడా ఆ అలవాటే పట్టుకున్నాడు, వాడూ గురువారం గురువారం వాళ్ళత్తగారిని చూసొస్తున్నాడు. అంత మోటు మనిషికి ఎంత మెత్తటి మనసో!

ఇంకోటి అర్థం కావడం లేదు. గురువారం ఉత్తరాది నుంచి ఆ ఎర్రమట్టి కొట్టుకున్న బండి అదనంగా వస్తుంది, మొత్తం మూడు బళ్ళు. తొట్టెల్లో పట్టేది రెండు బళ్ళ నీళ్ళే. మరి గురువారం సీసా కూడా తక్కిన రోజులంత తేటగానే ఉంటుందేం? ఆ కిటుకేదో చెప్పు. ఫిబ్రవరి ఆఖరుకు నేనో పత్రం మీద సంతకం పెట్టాలట: కడిగిన నీళ్ళు ప్రతి చుక్కా తొట్టెల్లోంచే పోయిందని, అబద్ధమైతే బాధ్యత నాదేనని. తెలియనిదాని కింద పేరు పెట్టడం నాకు చేతకాదు.

అన్నట్టు ఇంజనీర్ గోయెనా చెప్పాడు, మార్చి ఒకటిన రైల్వే కార్మికుల పండగకు నీకు పతకం ఇస్తారట. "పందొమ్మిదేళ్ళ స్వచ్ఛమైన సేవకు." అక్కను గట్టిగా కౌగిలించుకున్నానని చెప్పు, స్నానం చేశాకే అని కూడా చెప్పు.

నీ మరదలు
జులేమా


కలేతా సలాదా
డిసెంబర్ 6

మరదలా,

నీ ఉత్తరం పోస్ట్‌మాన్ చేతిలోంచి గాలికి ఎగిరిపోతే ఇద్దరం కలిసి చేపల మార్కెట్ దాకా పరిగెత్తి పట్టుకున్నాం. ఇక్కడి గాలి అలాంటిది. మొన్న పక్కింటావిడ లోపావడా వచ్చి మా కంచెకు చుట్టుకుంది. దానికి మీ అక్క నన్ను గంటసేపు సంజాయిషీ అడిగింది.

పతకమా! అదేమిటే అంత నింపాదిగా ఉత్తరం చివర్న రాశావు? మీ అక్క అప్పుడే నీలం బట్ట కొని దర్జీకిచ్చేసింది. నేను అద్దం ముందు నిలబడి మెడ వంచడం సాధన చేస్తున్నాను. ఎక్కువ వంచితే బట్టతల కనబడుతోంది, తక్కువ వంచితే పొగరుబోతులా ఉన్నాను. ఉపన్యాసం కూడా రాసుకున్నాను. చిన్నదే, నలభై నిమిషాలు.

నువ్వు ఆ పాత రిజిస్టర్లు చదవడం మానెయ్. వాటినిండా ఎలుకల రెట్టలు, లేనిపోని జబ్బులొస్తాయి. గురువారం కిటుకంటావా, అదంతా చెయ్యి తిరగడంలో ఉంది. పటిక వేశాక తెడ్డు కుడివైపుకే తిప్పు, ఎడమకి తిప్పకు. ఉన్నట్టుండి నీకే వస్తుంది. ఏదన్నా తోచకపోతే బెలార్మినోకు వదిలెయ్, వాడికన్నీ తెలుసు. సంతకానికేముంది, అందరం పెట్టాం, అందరం బతికే ఉన్నాం.

ఒక్క మాట. మీ అమ్మ దగ్గర ఈ గురువారాల సంగతి మాత్రం ఎత్తకు. పెద్దావిడ, పొగిడితే ఇబ్బంది పడుతుంది.

నీ బావ
నికనోర్


పాసో లార్గో
డిసెంబర్ 19

మహారాజశ్రీ బావగారైన నికనోర్ గారి పాదపద్మములకు మరదలు జులేమా నమస్కరించి వ్రాయునది,

తమరు ఎత్తవద్దన్న సంగతి ఉత్తరం అందక ముందే ఎత్తేశాను. ఆదివారం భోజనాల దగ్గర అమ్మతో అన్నాను, "ఎంత అదృష్టమే నీది, అలాంటి అల్లుడు దొరికాడు, ప్రతి గురువారం వచ్చి చూసేవాడట కదా" అని. అమ్మ ఫోర్కు కింద పెట్టింది.

"ఎవరూ, నికనోరా? వాడు నా గుమ్మం తొక్కేది ఏడాదికోసారి క్రిస్మస్‌కి. అదీ తిండికి. పోయినేడు పందిపిల్ల తొడంతా వాడొక్కడే లాగించి, పళ్ళు కుట్టుకుంటూ, ‘ఉప్పు తగ్గింది అత్తయ్యా’ అన్నాడు. గురువారాలు వచ్చాడటనా? ఎవత్తె దగ్గరికి పోయేవాడో నీకు తెలీదు, నాకు తెలీదు. పాపం నా పిల్ల ఇర్మా!"

తమరు పందొమ్మిదేళ్ళుగా ఏదో చిన్నిల్లు నడుపుతున్నారని అమ్మా నేనూ ఆ పూటంతా ఏడ్చాం. అలాగే అయ్యుంటే ఎంత బావుండేది!

సోమవారం బెలార్మినోను పిలిచాను. పనివేళల్లో చుట్టరికాలు కుదరవని మెత్తగా చెబుదామని.

"ఏమయ్యా, మీ అత్తగారికి ఎలా ఉంది?"

"బానే ఉందమ్మా. కాస్త బిగుసుకుంది. నూనె రాయాలి."

"కీళ్ళ నొప్పులా?"

"కీళ్ళకేం లేదు గానీ మెడ దగ్గర కారుతోంది. తోలు ముక్క పెట్టి బిగిస్తే ఇంకో అయిదేళ్ళొస్తుంది."

నేను వాణ్ణి ఎగాదిగా చూశాను. "నీకు పెళ్ళెప్పుడయిందయ్యా?"

"నాకా? పెళ్ళా? ఏభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇప్పుడెవరిస్తారమ్మా పిల్లని!" అని పకపకా నవ్వి, సగంలో నాలుక కరుచుకున్నాడు. అందరిలాగే నాకూ ఆ మాట తెలుసనుకున్నాడు వెర్రివాడు.

నిన్న గురువారం. మూడింటికి వాడి వెనకాలే వెళ్ళాను. కాస్టిక్ పీపాల వెనక, గోనెపట్టాల కింద, లారీ స్టీరింగంత ఇనప చక్రం. దాని మీద తెల్లరంగుతో తమరి అందమైన చేతిరాత: "కాసిమిరా." మా అమ్మ పేరు! ఎందుకని అడిగితే బెలార్మినో నేల చూపులు చూస్తూ, "నోరు తెరిచిందంటే ఇక మూయించలేమమ్మా, అందుకని ఫోర్‌మాన్‌గారే పెట్టారు" అన్నాడు. చక్రం తిప్పాడు. ఉత్తరాది బండి ఎర్ర బురద, నూనె, యాసిడ్, కాస్టిక్, మనుషుల పెంటా అంతా కలిసి తొట్టెల మొహం కూడా చూడకుండా గొట్టంలోంచి దూకింది. నా తొట్టెల్లో రెండు బళ్ళ నీళ్ళే మిగిలి, తాపీగా తేరుకుని, సీసాలో మిలమిలా మెరిశాయి. అదీ కిటుకు. తెడ్డు కుడివైపుకు తిప్పాలా! నాకు చెవిలో పువ్వు పెట్టావా?

గొట్టం వెంబడే నడిచాను. రెల్లు పొదల్లో తేలుతుంది అది. అక్కణ్ణుంచి మూడొందల అడుగులు కిందికి వెళ్తే అమ్మ కూరమళ్ళు. అమ్మ వాగులో నిలబడి రెండు చేతులా క్యాన్లు ముంచుతోంది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ గురువారం కదా, పైన ఎక్కడో వాన పడుంటుంది" అంది. ఊరంతా అలాగే అనుకుంటారట. నేను అమ్మ చేతులు పట్టుకు చూశాను బావా. అరచేతులనిండా పగుళ్ళు, గోళ్ళ చుట్టూ పుళ్ళు. డాక్టరు బట్టల సబ్బు మానెయ్యమన్నాడని అయిదేళ్ళుగా అమ్మ సబ్బులు మారుస్తోంది. నాకు అక్కడే, వాగులోనే ఏడుపొచ్చేసింది.

ఏం చెబుతావో చెప్పు. పతకం మెడలో వేసుకునే ముందు చెప్పు.

జులేమా


కలేతా సలాదా
1987 జనవరి 3

జులేమా,

మీ అక్కకు నీ ఉత్తరం పైకి చదివి వినిపించడం నాకు అలవాటు. ఈసారి సగం వదిలేసి, మధ్యలో వాతావరణం గురించి నేనే కల్పించి చదివాను. "ఇదేంటి, జులేమా ఇంత చప్పగా రాయదే" అంది. దానికి తెలియనివ్వకు.

తిట్టావు, పడ్డాను. కానీ నువ్వు తయారైన తొట్టెల దగ్గరికి వచ్చినదానివి. నా మాట కూడా విను. ఆ తొట్టెలు రెండు బళ్ళకని కట్టారు. అరవై ఏడులో మూడో బండి తెచ్చి పడేశారు. తొట్టి పెంచండయ్యా అంటే పెంచలేదు. మొదటి గురువారమే అంతా పొంగి, మనవాళ్ళు నిలబడి తోమే గుంటలోకి వెనక్కి తన్నింది. బెలార్మినో కాళ్ళు మోకాళ్ళదాకా పొక్కిపోయాయి. వాడి ప్యాంటు పైకి లాగి చూడు, ఇప్పటికీ చర్మం లేదు. వాడు అరుస్తుంటే నేనేం చెయ్యను? వర్షపు నీళ్ళ కోసం పాతకాలంలో వేసిన ఆ గొట్టం కనిపించింది. తిప్పాను. ఆ ఒక్క గురువారానికే అనుకున్నాను.

రైల్వేకి పదకొండు ఉత్తరాలు రాశాను మరదలా. పదకొండు! మూడో తొట్టి కట్టండని, లేదా బండి తగ్గించండని. నేను చేతులు కట్టుకు కూర్చోలేదు. మీ అమ్మ వాగు నీళ్ళు వాడుతోందని నాకు తెలీదు, బావి ఉందిగా అనుకున్నాను. ఆ చక్రానికి పెట్టిన పేరు సంగతంటావా, అది కుర్రతనం. నీ పెళ్ళయ్యుంటే నీకూ తెలిసేది, అత్తల మీద ఎవరు జోకులేయరు చెప్పు?

ఈ ఒక్క ఏడాదికి సంతకం పెట్టెయ్. మార్చి దాటాక మెల్లిగా ఆ చక్రం మూయించు, నేను వద్దనను. నాకు ఇంకేం లేదే జులేమా. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ పేరుపెట్టి స్టేజీ మీదికి పిలవలేదు. అక్క గౌను కూడా కుట్టడం అయిపోయింది.

బావ


పాసో లార్గో
జనవరి 18

బావగారికి,

బెలార్మినో కాళ్ళు చూశాను. నువ్వు చెప్పింది నిజమే. ఆ మొదటి గురువారం నేనున్నా తిప్పేదాన్నేమో. రెండో గురువారం గురించి అడుగుతున్నాను. తక్కిన తొమ్మిదొందల గురువారాల గురించి అడుగుతున్నాను.

చక్రం ఊడదీశాను. ఎక్కడ దాచానో చెప్పను, మన కోళ్ళు మాత్రం దాని మీద కూర్చుని గుడ్లు పెడుతున్నాయి. ఎనిమిదో తారీకు గురువారం రెండు బళ్ళే కడిగించి, ఉత్తరాది బండిని మర్నాటికి ఆపమన్నాను. గోయెనా ఒప్పుకోలేదు. ఆ ఎర్రమట్టితోనే రాజధానికి పంపేశాడు. తెల్ల ప్యాంట్లు వేసుకుని ఎక్కినవాళ్ళు ఎర్ర పిర్రలతో దిగారట. పేపర్లో పడింది.

గోయెనా నన్ను పిలిచి కుర్చీ కూడా చూపించలేదు. "ఏ గొట్టమండీ? రైల్వే నక్షల్లో అలాంటిది లేదు. ఉంటే అది నికనోర్ సొంత వ్యవహారం. మూడు నెలలుగా రోజువారీ కాగితాల మీద సంతకాలు పెట్టింది మీరు. నోరు మూసుకుని పత్రం మీద కూడా పెట్టండి. లేదా మీరే ఇరుక్కుంటారు" అన్నాడు. గదిలోంచి బయటికొచ్చాక ఒళ్ళు మండింది. ఆ మంట మీదే కూర్చుని రాష్ట్ర నీటి శాఖకు ఉత్తరం రాసి పోస్టు చేశాను. సంతకం పెట్టనని కూడా రాశాను. కాబట్టి ఇప్పుడు నా పీక మీద కత్తి ఉంది. నీ పదకొండు ఉత్తరాల నకళ్ళు వెంటనే పంపు. రైల్వేకి అన్నీ తెలుసని అవే సాక్ష్యం. అవుంటే నువ్వూ బయటపడతావు, నేనూ బయటపడతాను.

కింద అమ్మ చెబుతోంటే రాస్తున్నాను. ఒక్క ముక్క మార్చినా చంపేస్తానంది.

"అల్లుడూ! నీ పేరుతో నేనూ ఒకటి పిలుద్దామని ఇల్లంతా వెతికాను. పంది దొడ్డికి పెడదామంటే పంది ఒప్పుకోలేదు. నాకు నోరు ఎక్కువే. మొగుడు పోయాక నలుగురాడపిల్లల్ని ఆ నోటితోనే పెంచాను. అందులో ఒకదాన్ని నీకిచ్చి చెడగొట్టుకున్నాను. నా చేతులు ఎలా ఉన్నా పర్లేదు, ముసలిదాన్ని. ఆ నీళ్ళతో పెరిగిన ఆకుకూర ఈ ఊళ్ళో పిల్లలందరికీ పెట్టాను. అది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నీకెలా పడుతోందిరా? – కాసిమిరా, మనిషి."

జులేమా


కలేతా సలాదా
ఫిబ్రవరి 1

జులేమా,

నకళ్ళు లేవు. ఎందుకంటే అసలువి నా దగ్గరే ఉన్నాయి.

ఒక్కటీ పంపలేదు. మొదటిది రాసి, కవర్లో పెట్టి, గోయెనాకి ముందు పనిచేసిన ఇంజనీరు గది దాకా వెళ్ళాను. లోపల ఆయన టైపిస్టుతో అంటున్నాడు, ఫిర్యాదు పెట్టినవాడెవడో, వాణ్ణి ఉప్పు మైదానాల అవతలి స్టేషనుకు తోసెయ్యమని. తలుపు మీద కొట్టబోయిన చెయ్యి అలాగే దించేసి వెనక్కొచ్చాను. ఇర్మాకు అప్పుడు నెలలు నిండాయి, నీకు గుర్తుందా, నిలవకుండా పోయిన ఆ బిడ్డ. తరవాత ఏడాదికో ఏడాదిన్నరకో ఒకటి చొప్పున రాశాను. రాసిన రోజు మనసు తేలికయ్యేది. బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూతేసేవాణ్ణి, ఇక నా పని నేను చేశాననుకునేవాణ్ణి. తరవాత సైనికుల రాజ్యం వచ్చింది, కాగితం కింద పేరు పెట్టినవాడు తెల్లారేసరికి ఇంట్లో ఉంటాడో లేడో. ఆ వంక కూడా నేను వాడుకోను. వాళ్ళు పోయి మూడేళ్ళయింది. అప్పుడు పంపొచ్చుగా? పంపలేదు. అప్పటికి సిగ్గేసింది.

పదకొండూ ఈ కవర్లోనే పెట్టాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం. పదకొండోది తీసి దాచేద్దామని రెండు రోజులు చూశాను. చదివాక నన్ను ఇంకా అసహ్యించుకుంటావు. అయినా పెట్టాను. ఇక్కడి నుంచే ఒక వాంగ్మూలం కూడా రాసి సంతకం చేశాను, అంతా నేనే చేశానని. నన్ను అక్కడికి మాత్రం రమ్మనకు. ఆ ఊళ్ళో నడవలేను.

నికనోర్


పాసో లార్గో
ఫిబ్రవరి 13

బావా,

నీటి శాఖ నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. బూట్లు వేసుకుని గొట్టంలోకి సగం దూరి చూసింది. మంచి మనిషి, కానీ సూటి మనిషి. రాసిచ్చింది చెల్లదట. తిప్పినవాడు ఇరవయ్యారో తారీకులోగా ఊరి న్యాయాధికారి ముందు నిలబడి నోటితో చెప్పాలి. లేకపోతే గోయెనా మాటే మిగులుతుంది, సంతకాలు నావి కాబట్టి కేసు నా మీదే పెడతారు. ఉద్యోగం పోవడం కాదు, నా పేరు పోతుంది. ఊళ్ళో పిల్లలకు విషం పెట్టినదాన్ని నేనవుతాను.

పదకొండో ఉత్తరం చదివాను. నీకు తెలీదని రాశావు. తెలుసు. అమ్మకు చెప్పలేదు. ఆ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాల్సింది నేను కాదు.

అక్కకు వాతావరణం చదివి వినిపించింది చాలు. వచ్చెయ్.

జులేమా


తంతి
కలేతా సలాదా, ఫిబ్రవరి 20

బయల్దేరాను. ఇర్మా రావడం లేదు. అన్నీ చదివి వినిపించాను. స్టేషనుకు మీ అమ్మను తీసుకురావద్దు. నికనోర్.


పాసో లార్గో, మీ అమ్మ వంటిల్లు
ఏప్రిల్ 12

జులేమా,

మూడో తొట్టి నక్షల మీద సంతకాలకని నిన్ను బ్యూనస్ ఎయిర్స్ పెద్దాఫీసు పిలిపించుకుని నెల దాటింది. అక్కడ కుర్చీ చూపిస్తున్నారా? చూపించకపోయినా కూర్చో. ఈసారి నీ దగ్గర కాగితాలున్నాయి.

ఇక్కడి సంగతులు. న్యాయాధికారి ముందు నేను చెప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కాబట్టి అది మళ్ళీ రాయను. ఇక ఎలాగూ కటకటాలేనని ఊరంతా అనుకుంది. అత్తారింటికి పంపిస్తారు పంపిస్తారు అని బెలార్మినో ఏడ్చాడు. న్యాయాధికారి మాత్రం నా వయసు చూసి, కొత్త తొట్టి తవ్వడం పూర్తయ్యేదాకా ఊరు కదలకుండా ఆ పనిలో ఉండమన్నాడు. హోటల్లో నాకు గది ఇవ్వనన్నారు. చివరికి నిజంగా అత్తారింటికే వచ్చి పడ్డాను. జైలైతే శిక్షకు తారీకుండేది.

గోయెనాను బదిలీ చేశారు. ఎక్కడికో చెబితే నవ్వుతావు, ఉప్పు మైదానాల అవతలి స్టేషనుకు. పతకం మీద అప్పటికే నా పేరు చెక్కించారు కాబట్టి ఎవరికీ ఇవ్వలేక సొరుగులో పడేశారు. ఇర్మా నీలం గౌను అమ్మేసిందట. ఉత్తరంలో అదొక్క వాక్యమే ఉంది. ఆ ఉత్తరం వచ్చినందుకే నేను సంబరపడ్డాను.

గురువారం ఇప్పుడు రెండు బళ్ళే. ఉత్తరాదిది శుక్రవారం కడుగుతున్నాం. ముందు పొడి చీపుర్లతో మట్టి ఊడ్చి, తరవాతే నీళ్ళు కొట్టమన్నావు కదా, దాంతో నీళ్ళు మూడోవంతు తగ్గాయి. పందొమ్మిదేళ్ళలో నా బుర్రకు తట్టని సంగతి ఇది. వాగు ఇంకా కంపు కొడుతూనే ఉంది, అడుగున మడ్డి అలాగే ఉంది. కూరమళ్ళవాళ్ళందరికీ రైల్వే బోరు వేయిస్తోంది.

తవ్వకం దగ్గర పది గంటలకు అందరం మాతే ఆకుల టీ తాగడానికి కూర్చుంటాం. ఒకే సొరబుర్ర, ఒకే గొట్టం, చేతులు మారుతూ తిరుగుతుంది, నీకు తెలుసుగా. నా దాకా వచ్చి, నన్ను దాటి, పక్కవాడికి పోతుంది. ఎవరూ ఒక్క మాటనరు. మొదటి వారం ఏదో పొరపాటనుకున్నాను. ఇప్పుడు ఆ వేళకి నేనే లేచి మట్టి మొయ్యడానికి పోతున్నాను. తిట్టినా బాగుండును.

నువ్వు చెప్పిన పని ఆలస్యంగా చేశాను. నెలరోజులు ధైర్యం చాల్లేదు. ఓ రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక, ఊరంతా కునుకు తీసే వేళ, నువ్వు వదిలి వెళ్ళిన ఆ ఉత్తరాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఏంటవి?" అంది. చెప్పాను. "చదువు. రోజుకొకటే. నాకు తిన్నది అరగాలి" అంది.

పదిరోజులు చదివాను. చేతులకు మందు రాసుకుంటూ వినేది. ఊరికే కూర్చునే మనిషా! "ఒక్క తొట్టి అడగడానికి నాలుగుసార్లు ‘విన్నవించుకుంటున్నాను’ ఎందుకురా, పెళ్ళికూతుర్ని అడుగుతున్నావా?" అంది రెండోదానికి. అయిదోదానికి నిద్రపోయింది, లేచి మళ్ళీ చదివించుకుంది. బెలార్మినో కాళ్ళ గురించి రాసినది విన్న మర్నాడు వాడికి ఇంత జున్ను పంపింది.

నిన్న పదకొండోది. డెబ్భై తొమ్మిది అక్టోబర్‌ది. అందులో ఏముందో నువ్వు చదివావు: "అయ్యా, ఆ గొట్టానికి దిగువన మా అత్తగారు కాసిమిరా రోజూ ఆ నీళ్ళే క్యాన్లతో పట్టి మళ్ళకు పోస్తున్నారు. ఆవిడ చేతులు పగలడం నేను కళ్ళారా చూశాను. చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆవిడ నన్ను ఎన్ని మాటలన్నా నా సొంత తల్లికన్నా ఎక్కువ. దయచేసి మూడో తొట్టి కట్టించండి, లేదా ఆ బండినైనా ఆపండి."

చదవడం అయిపోయింది. నేను తలెత్తలేదు. ఏ ప్లేటో వచ్చి నెత్తిన పడుతుందనుకున్నాను, పడితే బావుండుననుకున్నాను. కళ్ళెత్తి చూస్తే ఆవిడ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటివంకే చూసుకుంటోంది. మెల్లిగా ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది. చదవడం రాదుగా, ఊరికే అటూ ఇటూ తిప్పి చూసి, మడతల మీదే మళ్ళీ మడిచింది.

"చాలా బాగా రాశావు అల్లుడూ" అంది. "పంపాల్సింది."

నికనోర్